సొట్ట పడేది ఒకటి, పగిలేది ఒకటి: రైఫిల్ మ్యాగజైన్లలో ఏది నమ్మదగ్గది?

రైఫిల్ మొరాయిస్తే నింద మొత్తం రైఫిల్ మీదే పడుతుంది. దాని కింద తగిలించిన తూటాల డబ్బాను, అంటే మ్యాగజైన్‌ను, అనుమానించేవాళ్లు తక్కువ. 2007 చివర్లో అమెరికా సైన్యం మేరీలాండ్ రాష్ట్రంలోని అబర్డీన్ పరీక్షా కేంద్రంలో నాలుగు రకాల రైఫిళ్లకు దుమ్ము పరీక్ష పెట్టింది. ఒక్కో రకంతో 60,000 తూటాలు కాల్చారు. వాటిలో ఎం4 కార్బైన్ అనే పొట్టి రైఫిల్ 882 సార్లు ఆగింది. వార్తల్లో మార్మోగింది ఆ అంకె ఒక్కటే. అందులో 239 సార్లు ఆగడానికి కారణం మ్యాగజైనేనన్న సంగతిని మాత్రం పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. అంటే ఆగిన ప్రతి నాలుగు సార్లలో ఒకసారికి పైగా తప్పు డబ్బాదే.

అప్పటినుంచి తుపాకుల గురించి రాసేవాళ్ల మధ్య, సైనికుల మధ్య నడుస్తున్న వాదం ఒకటే: అల్యూమినియం మ్యాగజైన్ మంచిదా, పాలిమర్ (గట్టి ప్లాస్టిక్) మ్యాగజైన్ మంచిదా? ప్రశ్నను ఇలా అడగడంలోనే చిక్కుంది. మ్యాగజైన్ సరిగ్గా పనిచేయడం, చేయకపోవడం చాలావరకు దాని లోపలి ఆకారం, తూటాలను మోసే పీట (ఫాలోవర్), స్ప్రింగ్ మీద ఆధారపడుతుంది. అది దేనితో తయారైందన్నది ఆ తర్వాతి సంగతి. అలాగని పదార్థానికి విలువ లేదని కాదు. మ్యాగజైన్ ఎలా చెడిపోవాలో, చెడిపోయినట్టు మనకు తెలుస్తుందో లేదో తేల్చేది పదార్థమే. యుద్ధంలో ఈ రెండో విషయం చిన్నది కాదు.

డబ్బా చేసే పని

మ్యాగజైన్ చూడటానికి మామూలు డబ్బాలా ఉన్నా, దానికి గడువు పెట్టి చేయించే పని ఒకటుంది. అడుగున స్ప్రింగ్, దాని మీద తూటాలను మోసే ఫాలోవర్ అనే పీట, పైన తూటా బయటికి ఎగిరిపోకుండా పట్టి ఉంచే రెండు అంచులు. ఈ అంచులనే ఫీడ్ లిప్స్ అంటారు. తూటా పేలగానే రైఫిల్‌లో ముందుకూ వెనక్కూ కదిలే బోల్ట్ అనే భాగం వెనక్కి వెళ్తుంది, ఖాళీ తొడుగును బయటికి విసిరేస్తుంది, మళ్లీ ముందుకు వస్తూ మ్యాగజైన్‌లో పైనున్న తూటాను నెట్టుకుని చాంబర్‌లోకి, అంటే తూటా పేలే గదిలోకి, తోస్తుంది. ఎం4 ఆటోమేటిక్‌లో నిమిషానికి 700 నుంచి 950 తూటాల వేగంతో కాలుస్తుంది. 900 అనుకుంటే ఒక్కో చక్రానికి దొరికే సమయం 67 మిల్లీ సెకన్లు. బోల్ట్ పూర్తిగా వెనకున్న కాసేపు అందులో ఒక చిన్న ముక్క మాత్రమే. ఆ ముక్కలోనే స్ప్రింగ్ మొత్తం తూటాల దొంతరను పైకి ఎత్తి, తర్వాతి తూటాను అంచుల కిందికి చేర్చాలి. పైగా ఆ తూటా సరైన ఎత్తులో, సరైన కోణంలో నిలబడి ఉండాలి.

ఈ పనిలో ఎక్కడ తేడా వచ్చినా దానికో లక్షణం ఉంటుంది. స్ప్రింగ్ ఆలస్యం చేస్తే బోల్ట్ తూటా వెనక అంచును అందుకోలేక దాని నడుం మీదుగా దూసుకొచ్చి ఇరుక్కుంటుంది. అంచుల మధ్య ఎడం పెరిగితే ఒకటికి బదులు రెండు తూటాలు ఒకేసారి బయటికొచ్చి చాంబర్ నోటి దగ్గర చిక్కుకుంటాయి. ఈ రెండోదాన్ని సరిచేయాలంటే మ్యాగజైన్‌ను లాగేయాలి, లోపలున్నవి దులపాలి, మళ్లీ కొత్తది పెట్టాలి. ఎదుటివాడు కాలుస్తుండగా ఇదంతా చేయడం మాటలు కాదు.

అంచుల మధ్య ఎడం మిల్లీమీటరులో కొద్ది భాగం మారినా ఫలితం మారుతుంది. అందుకే ఆయుధాల మరమ్మతు చేసేవాళ్ల దగ్గర ఈ ఎడం కొలిచే గేజ్ ఉంటుంది. కంటికి బాగానే కనిపించే మ్యాగజైన్ గేజ్ దగ్గర తప్పుతుంది.

వంపు తెచ్చిన తంటా

ఎం4కు మూలమైన ఏఆర్-15 రైఫిల్‌ను యూజీన్ స్టోనర్ బృందం ఆర్మలైట్ కంపెనీలో 1950లలో రూపొందించినప్పుడు దానికి 20 తూటాల తిన్నని మ్యాగజైన్ పెట్టారు. అందుకు తగ్గట్టే రైఫిల్‌లో మ్యాగజైన్ దూరే గూడును కూడా తిన్నగా చేశారు. వియత్నాం యుద్ధంలో చాలామంది సైనికులు ఆ 20 తూటాల మ్యాగజైన్‌లో 18 మాత్రమే నింపేవారు. నిండా నింపితే స్ప్రింగ్ మీద భారం పెరిగి మొదటి తూటాలు సరిగ్గా ఎక్కవన్న భయం. అంటే మ్యాగజైన్ మీద అపనమ్మకం అప్పటికే మొదలైందన్నమాట.

1960ల చివర్లో 30 తూటాల మ్యాగజైన్ వచ్చాక అసలు తంటా మొదలైంది. 5.56 మిల్లీమీటర్ల తూటా అడుగున కాస్త లావుగా, ముందుకు పోయేకొద్దీ సన్నంగా ఉంటుంది. ఇలాంటివి ఒకదాని మీద ఒకటి పేర్చితే దొంతర దానంతటదే వంపు తిరుగుతుంది. 20 తూటాల వరకు ఆ వంపును పట్టించుకోకపోయినా నడిచింది, 30 దగ్గర కుదరలేదు. డబ్బా వంపుగా ఉండాలి, కానీ రైఫిల్‌లోని గూడు తిన్నగా ఉంది. దాంతో పైభాగం తిన్నగా, కింది భాగం వంపుగా, మధ్యలో ఒక మలుపుతో మ్యాగజైన్ తయారైంది. ఫాలోవర్ ఆ మలుపు దగ్గరికి వచ్చేసరికి ముందుకో వెనక్కో ఒరుగుతుంది. ఒరిగిన ఫాలోవర్ గోడకు రాసుకుంటుంది, దుమ్ము తోడైతే అక్కడే నిలబడిపోతుంది. ఏఆర్ మ్యాగజైన్ల రోగాల్లో అధిక భాగానికి మూలం ఇక్కడుంది. అల్యూమినియాన్ని తిట్టేవాళ్లు నిజానికి తిడుతున్నది ఈ మలుపునే.

దీనికి నిదర్శనం ఉంది. రిచర్డ్ ఫిట్జ్‌ప్యాట్రిక్ అనే మాజీ మెరీన్ 1999లో మ్యాగ్‌పుల్ కంపెనీ పెట్టారు. మొదట అమ్మింది మ్యాగజైన్ అడుగున తొడిగి లాగడానికి పనికొచ్చే రబ్బరు పట్టీ. ఆ తర్వాత పాత అల్యూమినియం డబ్బాల్లోనే పెట్టుకునే, ఎటూ ఒరగని ఫాలోవర్‌ను తెచ్చారు. 2009లో అమెరికా సైన్యం కూడా అదే దారి పట్టింది. అల్యూమినియం డబ్బాను అలాగే ఉంచి, పచ్చ ఫాలోవర్ స్థానంలో ఒరగకుండా రూపొందించిన గోధుమరంగు ఫాలోవర్‌ను, మెరుగైన స్ప్రింగ్‌ను పెట్టింది. మ్యాగజైన్ వల్ల రైఫిల్ ఆగిపోయే అవకాశం ఈ మార్పుతో సగానికి పైగా తగ్గుతుందని ప్రకటించింది. పదార్థం మారలేదు, రంగు మారిన ఒక చిన్న ప్లాస్టిక్ పీట, ఒక స్ప్రింగ్ మారాయి. అంతే.

మ్యాగ్‌పుల్ 2007లో పీమ్యాగ్ పేరుతో విడుదల చేసిన పాలిమర్ మ్యాగజైన్‌కు ఇంత పేరు రావడానికి కారణం కూడా ఇక్కడే దొరుకుతుంది. అల్యూమినియం మ్యాగజైన్‌ను సుమారు ఒక మిల్లీమీటరు మందం ఉన్న రేకును అచ్చుపోసి చేస్తారు. రేకు బయట ఎటు తిరిగితే లోపల కూడా అటే తిరుగుతుంది. గూడు తిన్నగా ఉండటం వల్ల బయటి ఆకారం తిన్నగా ఉండాలంటే లోపల కూడా తిన్నగా ఉండక తప్పదు. కరిగించి అచ్చులో పోసే పాలిమర్‌కు ఈ బంధం లేదు. గోడను ఒకచోట మందంగా, మరోచోట పల్చగా పోయవచ్చు. బయట గూటికి సరిపోయే ఆకారం ఉంచి, లోపల మాత్రం పైనుంచి కింది దాకా ఒకే వంపు ఉండేలా చేయవచ్చు. పీమ్యాగ్‌లో చేసింది ఇదే. నాలుగు వైపులా ఒరగకుండా కాపాడే ఫాలోవర్ దానికి తోడైంది.

కాబట్టి "పాలిమర్ గెలిచింది" అనడం సగం నిజం. పాలిమర్ ఇచ్చిన వెసులుబాటుతో మంచి ఆకారం గెలిచింది. ఆకారం చెడ్డదైతే పాలిమర్ కూడా అంతే మొరాయిస్తుంది. మార్కెట్లో దొరికే నాసిరకం ప్లాస్టిక్ మ్యాగజైన్లను చూసినవాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు.

ఏది ఎలా చెడుతుంది

ఇక పదార్థం సంగతి. అల్యూమినియం గిన్నె జారి పడితే సొట్ట పడుతుంది, ఆ సొట్ట అలాగే ఉండిపోతుంది. ప్లాస్టిక్ మగ్గు పడితే ఎగిరి పడి మామూలుగానే ఉంటుంది, లేదంటే చిట్లుతుంది. మ్యాగజైన్ల విషయంలో కూడా తేడా సరిగ్గా ఇదే.

30 తూటాలు నిండిన మ్యాగజైన్ నడుం ఎత్తు నుంచో, ఇంకాస్త పైనుంచో బండ నేల మీద తలకిందులుగా పడిందనుకుందాం. ఒక్కో తూటా 12 గ్రాముల చొప్పున లోపలున్న బరువు సుమారు 360 గ్రాములు. డబ్బా నేలకు తగిలి ఆగిపోతుంది, తూటాల దొంతర మాత్రం ఆగదు. అదే వేగంతో వచ్చి అంచులను లోపలి నుంచి గుద్దుతుంది. బయటి నుంచి నేల, లోపలి నుంచి తూటాలు, మధ్యలో నలిగేది ఫీడ్ లిప్స్. అల్యూమినియం అంచులైతే కాస్త విచ్చుకుంటాయి. విచ్చుకున్నవి మళ్లీ మూసుకోవు. పాలిమర్ అంచులు ఆ క్షణానికి వంగి ఒకటి రెండు తూటాలను బయటికి వదిలేసి, మళ్లీ మొదటి స్థితికి వస్తాయి. దెబ్బ మరీ గట్టిదైతే వెనక భాగం నిలువునా చీలుతుంది.

మొదటిదే ఎక్కువ ప్రమాదం. విచ్చుకున్న అల్యూమినియం అంచు కంటికి ఆనదు. సైనికుడు దాన్ని మళ్లీ సంచిలో పెట్టుకుంటాడు. మర్నాడు అదే మ్యాగజైన్ రెండు తూటాలను ఒకేసారి వదిలినప్పుడు రైఫిల్‌ను శుభ్రం చేస్తాడు, తూటాలను అనుమానిస్తాడు, మ్యాగజైన్‌ను మాత్రం మళ్లీ నింపుతాడు. శిక్షణ శిబిరాల్లో ఏళ్ల తరబడి చేతులు మారే పాత మ్యాగజైన్లలో ఇలాంటివి ఎన్నో తిరుగుతుంటాయి. డబ్బా ఒంటికి పడే సొట్టలది కూడా ఇదే కథ. పల్చని రేకు మీద బూటు కాలు పడినా, వాహనం తలుపు తగిలినా లోపలికి నొక్కుకుంటుంది, ఫాలోవర్ సరిగ్గా అక్కడికి వచ్చి ఆగుతుంది. చీలిన పాలిమర్ మ్యాగజైన్ మాత్రం ఎవరికైనా కనిపిస్తుంది, దాన్ని పారేస్తారు. చెడిపోయినట్టు చెప్పి చెడిపోయే వస్తువు, చెప్పకుండా చెడిపోయే వస్తువు కన్నా మేలు. పాలిమర్ పక్షాన చెప్పదగ్గ అతి బలమైన మాట ఇదేననిపిస్తుంది.

అయితే పాలిమర్‌కు కూడా చప్పుడు చేయని జబ్బు ఒకటుంది. ప్లాస్టిక్ ఏదైనా ఒకే భారం కింద చాలాకాలం ఉంటే, ముఖ్యంగా వేడిలో, నిదానంగా సాగుతుంది. నిండా నింపిన మ్యాగజైన్‌లో స్ప్రింగ్ బలమంతా పైతూటా ద్వారా అంచుల మీదే పడుతుంది. ఎండలో నిలిపిన వాహనంలో నెలల తరబడి అలా వదిలేస్తే అంచులు సాగవచ్చు. పీమ్యాగ్‌తో పాటు వచ్చే మూతను దుమ్ము పడకుండా ఇచ్చారని చాలామంది అనుకుంటారు. దుమ్మును ఆపడంతో పాటు అది పైతూటాను కొద్దిగా కిందికి అదిమి ఆ భారాన్ని అంచుల మీద నుంచి తీసేస్తుంది. నిల్వ ఉంచే మ్యాగజైన్లకు ఆ మూత పెట్టడం మానకూడదు. నింపి ఉంచితే స్ప్రింగ్ పాడవుతుందన్న పాత నమ్మకానికి మాత్రం అంత బలం లేదు. మంచి స్ప్రింగ్‌ను ఎక్కువగా అలసగొట్టేది పదేపదే నింపడం, ఖాళీ చేయడం.

పాలిమర్ అని ఒకే మాటతో అన్నిటినీ పిలవడం కూడా పొరపాటే. నేటి మంచి మ్యాగజైన్లలో వాడేది గాజు పీచు కలిపిన నైలాన్ తరగతి పాలిమర్. నైలాన్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఆ తేమ దాని పెళుసుదనాన్ని తగ్గిస్తుంది. పూర్తిగా ఎండిన నైలాన్ గడ్డకట్టే చలిలో పెళుసెక్కుతుంది. దోమలు కుట్టకుండా రాసుకునే డీట్ మందు పాలికార్బొనేట్ వంటి కొన్ని ప్లాస్టిక్కులను తినేస్తుంది, నైలాన్ జోలికి మాత్రం పోదు. ఒక ప్లాస్టిక్ దగ్గర నేర్చుకున్న పాఠాన్ని మరో ప్లాస్టిక్‌కు అంటగడితే తప్పు లెక్క వస్తుంది.

బరువు గురించి ఒక అపోహ ఉంది. ప్లాస్టిక్ కాబట్టి తేలిక అనుకుంటారు. 30 తూటాల ఖాళీ అల్యూమినియం మ్యాగజైన్ సుమారు 113 గ్రాములు తూగుతుంది, అదే పరిమాణంలో పీమ్యాగ్ సుమారు 140 గ్రాములు. గోడలు మందంగా ఉండటమే కారణం. పాలిమర్ తేలికయ్యేది ఉక్కుతో పోల్చినప్పుడే.

చలికి పగిలిన డబ్బాలు

పాలిమర్ మీద మన దేశంలో ఉన్న అనుమానానికి మూలం ఇన్సాస్. తెలుగు రాష్ట్రాల్లో బందోబస్తుకు వచ్చే పోలీసుల భుజాన తరచూ కనిపించే రైఫిల్ అది. దాని 20 తూటాల మ్యాగజైన్ లోపలి తూటాలు కనిపించేలా పాలిపోయిన రంగు ప్లాస్టిక్‌తో ఉంటుంది. 1999 కార్గిల్ యుద్ధంలో ఎత్తైన శిఖరాల మీద, చలిలో ఆ మ్యాగజైన్లు పగుళ్లిచ్చాయన్న ఫిర్యాదులు వచ్చాయి. సైన్యంలో పనిచేసి వచ్చిన చాలామంది నోట "ప్లాస్టిక్ మ్యాగజైనా?" అన్న మాట ఇప్పటికీ వినిపించడానికి కారణం ఇదే. ఆ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. కొండ మీద శత్రువుకు ఎదురుగా ఉన్నప్పుడు చేతిలో పగిలిన మ్యాగజైన్‌కు రసాయన శాస్త్రం సమాధానం చెప్పదు.

కానీ ఆ అనుభవం నుంచి తీయాల్సిన తీర్పు "పాలిమర్ పనికిరాదు" అన్నది కాదు. ఆస్ట్రియా సైన్యం 1970ల చివరి నుంచి వాడుతున్న స్టయర్ ఆగ్ రైఫిల్‌కు కూడా లోపలివి కనిపించే పాలిమర్ మ్యాగజైనే. ఆల్ప్స్ పర్వతాల చలిలో అది నమ్మకంగా నిలబడింది. సోవియట్ యూనియన్ కలాష్నికోవ్ కోసం గాజు పీచు కలిపిన నారింజరంగు ప్లాస్టిక్ మ్యాగజైన్లు చేసింది. జనం వాటిని బేకలైట్ మ్యాగజైన్లంటారు. అక్కడి ఇంజినీర్లు ప్లాస్టిక్‌ను గుడ్డిగా నమ్మలేదు, ఎక్కువ దెబ్బ తగిలే చోట్ల ఉక్కును పొదిగారు. సైబీరియా చలి తెలిసినవాళ్లు చేసిన పని అది. ఇప్పుడు అమేఠీ దగ్గరి కోర్వాలో తయారవుతున్న ఏకే-203కు కూడా పాలిమర్ మ్యాగజైనే వస్తోంది. ద్రాస్, సియాచిన్ చలిలో నింపి, కింద పడేసి, కాల్చి చూసి నమ్మాలి తప్ప కలాష్నికోవ్ కుటుంబం పేరు చూసి కాదు.

సైన్యాలు ఏం తేల్చాయి

అమెరికా దళాల నిర్ణయాలు మొదట ఒకదానికొకటి పొంతన లేకుండా కనిపిస్తాయి. 2012లో మెరీన్ దళం ప్రభుత్వం ఇచ్చిన మ్యాగజైన్లనే వాడాలని ఆదేశించి, సొంతంగా కొనుక్కున్న పీమ్యాగ్‌లను పక్కన పెట్టించింది. వాళ్ల కొత్త ఎం27 రైఫిల్ గూటిలో అప్పటి పీమ్యాగ్ సరిగ్గా దూరేది కాదు. ఎంత మంచి మ్యాగజైనైనా గూటిలో దూరకపోతే ఎందుకు? మందపాటి గోడల వల్ల పాలిమర్‌కు ఉన్న అసలు ఇబ్బందుల్లో ఇదొకటి. మూడో తరం పీమ్యాగ్‌లో ఆ లోపాన్ని సరిదిద్దారు. 2016 డిసెంబరులో అదే మెరీన్ దళం ఆ మూడో తరాన్ని ఆమోదించింది. తమ దగ్గరున్న 5.56 ఆయుధాలు, తూటాల కలయికలన్నిటిలో పరీక్షించినప్పుడు తగిన ఫలితం ఇచ్చిన మ్యాగజైన్ అదొక్కటేనని చెప్పింది. 2018లో వైమానిక దళం కూడా అటే వచ్చింది. అఫ్గానిస్థాన్ యుద్ధకాలంలో బ్రిటన్ తన ఎస్ఏ80 రైఫిల్ కోసం బరువైన ఉక్కు మ్యాగజైన్ల బదులు మ్యాగ్‌పుల్ చేసిన ఈమ్యాగ్‌లు తెప్పించుకుంది. ఒక్కోదానితో వంద గ్రాములకు పైగా బరువు తగ్గింది.

అమెరికా సైన్యం (ఆర్మీ) మాత్రం 2016లో కూడా అల్యూమినియాన్ని వదల్లేదు. 2010లో వచ్చిన ఎం855ఏ1 తూటాకు ముందు మొన ఉక్కుది. పాత మ్యాగజైన్ నుంచి కాస్త కిందుగా వచ్చిన ఆ మొన చాంబర్ కింది అల్యూమినియం భాగాన్ని గీకి అరగదీస్తోంది. అందుకని తూటాను ఇంకాస్త పైకి ఎత్తి అందించే కొత్త మ్యాగజైన్ తయారు చేశారు. ఫాలోవర్ నీలం, డబ్బా గోధుమరంగు, పదార్థం మళ్లీ అల్యూమినియమే. ఒకే దేశంలో ఒక దళం పాలిమర్‌తో, మరో దళం అల్యూమినియంతో దాదాపు ఒకే సమస్యకు పరిష్కారం వెతికాయి. ఇద్దరూ మార్చింది తూటా నిలబడే కోణాన్ని, అది నడిచే దారిని.

ఇప్పుడున్న రెండింటిలో ఒకటే ఎంచుకోమంటే పరీక్షకు నిలిచిన పాలిమర్ మ్యాగజైన్ వైపే మొగ్గు చూపాలి. లోపలి వంపు మంచిది, దెబ్బ తగిలితే కోలుకుంటుంది, కోలుకోలేకపోతే చాలాసార్లు పగిలి ఆ సంగతి బయటపెడుతుంది. గూడు ఇరుకైన రైఫిళ్లకు, గడ్డకట్టే చలిలో పరీక్షించని ప్లాస్టిక్ తప్ప మరొకటి దొరకని చోట, కొత్త ఫాలోవర్ ఉన్న అల్యూమినియమే మేలు. పచ్చ ఫాలోవర్, అంతకంటే పాత ఫాలోవర్లు ఉన్నవి మిగిలి ఉంటే శిక్షణకు కూడా పెట్టకపోవడం మంచిది. అక్కడ అవి నేర్పేది రైఫిల్ మీద అపనమ్మకమే.

రెండు రకాలకూ వర్తించే పని ఒకటుంది. ప్రతి మ్యాగజైన్ మీద ఒక అంకె వేసి ఉంచాలి. రైఫిల్ ఆగిన ప్రతిసారీ ఆ అంకె రాసుకోవాలి. అదే అంకె రెండోసారి వస్తే అంచులను గేజ్‌తో కొలవాలి, ఫాలోవర్‌ను వేలితో కింది దాకా నొక్కి ఎక్కడైనా తగులుతోందేమో చూడాలి, పాలిమర్‌దైతే వెనక నిలువు భాగాన్ని వెలుతురులో తిప్పి పగులు కోసం వెతకాలి. కొలతలో తేడా వస్తే, సొట్ట దగ్గర ఫాలోవర్ ఆగితే, వెంట్రుకంత పగులు కనిపించినా, దాన్ని మళ్లీ లెక్కలోకి చేర్చకూడదు. అంచులను పట్టుకారుతో వంచి సరిచేసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. ఒకసారి వంగిన అల్యూమినియం మళ్లీ వంచితే అక్కడే బలహీనపడుతుంది కాబట్టి ఆ మరమ్మతు నిలవదు. అమెరికా మార్కెట్లో రెండు రకాల ధరా పది, పదిహేను డాలర్ల దగ్గరే తిరుగుతుంది. అనుమానం వచ్చిన మ్యాగజైన్‌ను నలగ్గొట్టి పారేయడానికి సంకోచించాల్సినంత ఖరీదు కాదది. పారేసే ముందు నలగ్గొట్టడం మాత్రం మరవకూడదు, లేకపోతే ఎవరో ఒకరు దాన్ని ఏరి మళ్లీ పెట్టెలో వేస్తారు.